విశ్రాంతిలో ఖర్చయ్యే కేలరీలు: ఏ లెక్క నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 42 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. కూర్చుని చేసే ఉద్యోగం. విశ్రాంతిలో నా శరీరానికి రోజుకు 1,338 కేలరీలు కావాలని ఒక యాప్, 1,218 చాలని మరొక యాప్ చెబుతున్నాయి. ఏది నమ్మాలి? బరువు తగ్గడానికి అంతే తింటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండు యాప్‌లూ లెక్క తప్పలేదు, వాడిన సూత్రాలే వేరు. మొదటిది 1919లో అమెరికాలో హారిస్, బెనెడిక్ట్ ప్రచురించినది. అందులో స్త్రీల సూత్రానికి ఆధారం 103 మంది కొలతలు మాత్రమే. రెండవది 1990 నాటి మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం. దీన్ని కాగితం మీద మీరే వేసుకోవచ్చు: కిలోల బరువును 10తో, సెంటీమీటర్ల ఎత్తును 6.25తో గుణించి రెండూ కూడి, అందులోంచి వయసుకు అయిదు రెట్లు, ఆపైన మరో 161 తీసివేయాలి. పురుషులకైతే 161 తీసివేయడానికి బదులు 5 కలుపుతారు. ఒకే బరువున్నా స్త్రీల శరీరంలో సాధారణంగా కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండటమే ఈ తేడాకు ముఖ్య కారణం.

భారతీయుల కోసం భారత వైద్య పరిశోధన మండలి సవరించి వాడిన సూత్రం మరొకటి ఉంది. 30 నుంచి 60 ఏళ్ల స్త్రీలు బరువును 8.3తో గుణించి 788 కలుపుకోవాలి. ఆ ప్రకారం మీకు 1,303 వస్తుంది. ఇవన్నీ అంచనాలే కనుక వందకు పది వంతులు అటూ ఇటూ కావడం మామూలే. మీ విషయంలో నేనైతే తక్కువ అంకెతోనే మొదలుపెడతాను.

అయితే ఆ 1,218 మీ భోజనానికి పరిమితి కాదు. కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయడానికి అయ్యే ఖర్చది. కూర్చుని పనిచేసేవారు దాన్ని 1.4తో గుణించుకుంటే రోజు మొత్తానికి దాదాపు 1,700 వస్తుంది. (ఇంటిపని ఈ 1.4లోనే కలిసి ఉంటుంది కనుక దాన్ని యాప్‌లో వ్యాయామంగా మళ్లీ రాసుకోకండి, రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.) బరువు తగ్గాలంటే ఇందులో ఓ 300 తగ్గించుకోవడం మేలు. థైరాయిడ్ లోపం ఉన్నవారికీ, గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఈ లెక్కలు నేరుగా పనికిరావు. వారు వైద్యులను అడగాలి.

నాలుగు వారాల తర్వాత బరువు చూసుకోండి. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి కాటా ముల్లు పైకి జరుగుతుంది కాబట్టి, నెలసరి ముగిసిన మూడో రోజు ఉదయం తూచుకున్న బరువును, మరుసటి నెల అదే రోజు తూచిన బరువుతో పోల్చండి. తేడా లేకపోతే రోజుకు మరో 100 కేలరీలు తగ్గించి చూడవచ్చు.