స్కిజోఫ్రీనియా వస్తే ఇక మామూలు మనిషి కాలేరా?

"తమ్ముడికి స్కిజోఫ్రీనియా అన్నారు, ఇక వాడి జీవితం అంతేనా?" అని అడిగారు కదా. ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఒక డాక్టరు గారిని ఇదే అడిగాను. ఆయన చీటీ రాస్తూ తలెత్తకుండానే "ఆశలు పెట్టుకోకండమ్మా, చదువు మాన్పించేయండి" అన్నారు. తెనాలి బస్సు దిగేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

మా తమ్ముడు అప్పుడు డిగ్రీ రెండో ఏడు. ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించడం, లేనిది నిజమని నమ్మడం ఈ జబ్బు లక్షణాలు. టీవీలో తన గురించే చెప్తున్నారని దాని మీద తుండు కప్పేవాడు.

ఆ డాక్టరు గారి మాట వెనక వందేళ్ళ చరిత్ర ఉందని తర్వాత తెలిసింది. 1890ల్లో జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ ఈ జబ్బుకి 'డిమెన్షియా ప్రీకాక్స్' అని పేరు పెట్టాడు. అంటే చిన్న వయసులోనే బుద్ధి క్షీణించడం. పేరులోనే తీర్పు చెప్పేశాడన్నమాట. తర్వాత ఎవరైనా బాగుపడితే "అది అసలు ఆ జబ్బే అయ్యుండదు" అనేవాళ్ళూ ఉండేవారు!

కానీ అమెరికాలోని వెర్మాంట్‌లో ఈ జబ్బుతో మానసిక ఆస్పత్రి వార్డుల్లో ఏళ్ళ తరబడి మగ్గి, 1950ల్లో బయటికొచ్చిన వాళ్ళను దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకున్నారు. ఆ ఫలితాలు 1987లో కోర్ట్‌నీ హార్డింగ్ బృందం ప్రచురించింది. సగానికి పైగానే బాగా మెరుగుపడ్డారు, లేదా కోలుకున్నారు. వాళ్ళను ఊరికే బయటికి పంపేయలేదు, ఇల్లూ పనీ చూపించే ఏర్పాటు కూడా చేశారు. నాకు ముఖ్యంగా కనిపించింది అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో మన ఆగ్రా రోగులు కూడా ధనిక దేశాల వాళ్ళకన్నా మెరుగ్గా ఉన్నట్టు తేలింది. దీన్ని పట్టుకుని "మన కుటుంబాలే మందు" అనేవాళ్ళంటే నాకు చిరాకు. 2001లో తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచే ఓ చోట మంటలు రేగి, గొలుసులతో కట్టేసి ఉంచినవాళ్ళు 28 మంది కాలిపోయారు. వాళ్ళకీ కుటుంబాలున్నాయి.

మా కుటుంబం మాత్రం తక్కువ తిందా? రోజూ గొడవ స్నానం దగ్గరే. నాన్న "ఒళ్ళొంగదు వీడికి" అని అరిచేవారు. గుంటూరులో రెండో డాక్టరు గారు చెప్పారు: "అది బద్ధకం కాదండీ, జబ్బులో భాగమే. గొంతులు మందుతో తగ్గినా ఇది తొందరగా తగ్గదు. తిట్టకండి." ఆ తర్వాత నాన్న వేడినీళ్ళు బకెట్లో తోడి, "నీళ్ళు పెట్టాను రా" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయేవారు. చాలా రోజులు అవి అలాగే చల్లారిపోయేవి. ఆయన మళ్ళీ తోడేవారు.

మందులు రెండుసార్లు ఆగాయి. ఒకసారి వాడే మానేశాడు. రెండోసారి చుట్టాల మాట విని మేమే ఆపేశాం, ఈసారి మరీ ముదిరింది. కాబట్టి బాగున్నాడని డాక్టరుకి చెప్పకుండా ఆపకండి. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడా? డిగ్రీ పూర్తి చేయలేదు. మామయ్య ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తాడు. మాత్ర ఇప్పటికీ వేసుకుంటాడు. ఏడాదిలో నాలుగైదు రోజులు "ఇవాళ వాళ్ళు గోల చేస్తున్నారక్కా" అని రేడియో సౌండు పెంచుకుంటాడు. పోయిన నెల యూరియా బస్తాల లెక్కలో మామయ్య తప్పు పట్టుకుని, సాయంత్రమంతా ఆయన్ని ఏడిపించాడు.