పెదాలు కలవాలి, జుట్టు మాత్రం నెమ్మదిగా ఎగరాలి

మ్యూజిక్ వీడియోల్లో కథ ఒకపక్క నడుస్తుంటే, గాయకుడు దానితో సంబంధం లేనట్టు ఇంకెక్కడో నిలబడి పాడుతుంటాడెందుకని అడిగారు కదా.

కొన్నేళ్లు చిన్న బడ్జెట్ వీడియోలకు ఎడిటింగ్ చేశాను. నేను చూసినంతలో, సగం కారణం భయమే. కథ షాట్లు అనుకున్నన్ని ఎప్పుడూ రావు. వెలుతురు పోతుంది, నటించాల్సినవాళ్లు రారు. అందుకే ముందు గాయకుడి చేత పాట మొత్తం మూడు నాలుగు సార్లు పాడించి తీసి పెట్టుకుంటాం. కథ ఎక్కడ తెగిపోతే అక్కడ ఆ ముఖం అతికిస్తాం.

మిగతా సగం వ్యాపారం, అంటే పాటతో పాటు గాయకుడి ముఖాన్నీ జనానికి చేర్చడం. అది పాతదే. 1940ల్లో అమెరికాలో పనోరామ్ అనే యంత్రంలో నాణెం వేస్తే చిన్న తెర మీద పాట నడిచేది. సౌండీలు అనే ఆ చిన్న పాటల ఫిల్ముల్లోనూ గాయకులు ముందే రికార్డయిన పాటకు పెదాలు కలిపేవారు. 1975లో క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందం తమ పాట 'బొహీమియన్ రాప్సడీ'కి వీడియో తీసి ఇచ్చింది, తాము టీవీ స్టూడియోకి వెళ్లకపోయినా టీవీలో పాట రావాలని. 1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోలతో ఎంటీవీ అనే టీవీ ఛానల్ మొదలయ్యాక గాయకుడి ముఖం ఇంటింటికీ చేరడం మామూలైపోయింది. 1983 నాటి మైకేల్ జాక్సన్ వీడియో 'థ్రిల్లర్' దాదాపు పద్నాలుగు నిమిషాలు. అందులో కథ కోసం పాటనే సాగదీశారు. మామూలుగా ఆ స్వేచ్ఛ మాకుండదు; పాట ఎంతుంటే వీడియో అంతే.

ఇక పెదాలు కలుస్తూనే జుట్టు, బట్టలు స్లో మోషన్‌లో ఎగిరే షాట్లు చూసే ఉంటారు. సెట్‌లో పాటను రెట్టింపు వేగంతో వేస్తారు, గాయకుడూ గబగబా పాడతాడు. కెమెరా సెకనుకు 25కి బదులు 50 ఫ్రేములు తీస్తుంది. తర్వాత సగం వేగంతో నడిపిస్తే పెదాలు పాటతో సరిగ్గా కలుస్తాయి, మిగతాదంతా తేలుతున్నట్టుంటుంది. షూటింగ్ చూస్తే మాత్రం నవ్వాగదు, పాపం ప్రేమగీతాన్ని రైలు తప్పిపోతున్నట్టు పాడుతుంటారు.

నా మొదటి వీడియోకి సెట్‌లో పాట వేసే పని కూడా నాదే. టెన్షన్‌లో మామూలు వేగంతోనే వేశాను, కెమెరా 50లో తిరిగింది. ఎడిటింగ్‌లో కూర్చుంటే పాట రెండో చరణంలో ఉంది, పెదాలు ఇంకా పల్లవి దాటలేదు. రీషూట్‌కి డబ్బుల్లేవు. గాయకుడి వీపు, గిటార్ మీద వేళ్లు, కిటికీలో నీడ, వీటితోనే లాక్కొచ్చాను. చూసినవాళ్లు "భలే మూడ్ ఉంది" అన్నారు. గాయకుడు మాత్రం మళ్లీ నన్ను పిలవలేదు.