మాడిసన్ మాట తెలుగులో: దేవతలా, దేవదూతలా?

సందేహం: అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకరైన జేమ్స్ మాడిసన్ ప్రసిద్ధ వాక్యాన్ని ఒక వ్యాసంలో ‘మనుషులు దేవతలైతే ప్రభుత్వం అవసరం లేదు’ అని తెనిగించాను. ‘దేవదూతలైతే’ అనాలని మిత్రుడొకరు అంటున్నారు. ఏది సరి? ఆయన తరచూ వాడే ‘లిబర్టీ’కి స్వేచ్ఛ, స్వాతంత్ర్యం – ఈ రెండింటిలో ఏది తగును? స్వాతంత్ర్యం, స్వాతంత్య్రం, స్వాతంత్రం – వీటిలో ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిందే సరి. అయితే ఆ వాక్యంలో అంతకన్నా పెద్ద పొరపాటు చివర ఉంది. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఆ మాట 1788 ఫిబ్రవరిలో న్యూయార్క్ పత్రికల్లో వచ్చిన ఫెడరలిస్ట్ 51వ వ్యాసంలోది. కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించమని న్యూయార్క్ ప్రజలను ఒప్పించడానికి అలెగ్జాండర్ హామిల్టన్, మాడిసన్, జాన్ జే ముగ్గురూ ‘పబ్లియస్’ అనే ఒకే కలంపేరుతో 85 వ్యాసాలు రాశారు. 51వది హామిల్టన్‌దా, మాడిసన్‌దా అన్న వివాదం చాలాకాలం నడిచింది. ఇప్పుడు ఎక్కువమంది పండితులు మాడిసన్‌దే అంటున్నారు.

‘దేవత’ అన్న మాటకు తెలుగులో రెండు ముఖాలున్నాయి. ‘ఆవిడ దేవతండీ’ అన్నప్పుడు మచ్చలేని మంచితనం. మీరు ఆ ముఖాన్నే చూసి రాశారు. కానీ బహువచనంలో ‘దేవతలు’ అనగానే మనవాళ్ల మనసులో ఇంద్రసభ మెదులుతుంది. ఇంద్రుడికి ఎప్పుడూ పదవీ భయమే. ఎవరు తపస్సు చేసినా తన గద్దెకే ఎసరని అనుమానించి మేనకను పంపుతాడు. అహల్య కథ సరేసరి. అసూయ, భయం, అధికారం మీద మమకారం ఉన్నవాళ్లు కాబట్టి వాళ్లకే అందరికన్నా ముందు ప్రభుత్వం, దానిమీద అదుపు కావాలి! మాడిసన్ తర్కం తలకిందులవుతుంది. ఆయన ఉద్దేశించింది క్రైస్తవ సంప్రదాయంలో దోషమెరుగని జీవులను. వాళ్లకు తెలుగు బైబిలు స్థిరపరచిన ‘దేవదూతలు’ అన్న మాట మనకు సిద్ధంగా ఉంది.

ఇప్పుడు ఆ పెద్ద పొరపాటు. తెలుగులో ‘-తే’ చేదర్థకం. జరగగల షరతుకూ, జరగని ఊహకూ అదొక్కటే రూపం సరిపోతుంది. ‘వాన పడితే పంట పండుతుంది’ అంటే వాన పడవచ్చు. ‘నేనే కలెక్టరునైతే ఇలా జరగనిచ్చేవాణ్ణి కాదు’ అంటే నేను కలెక్టరును కాను. తేడా ‘అయితే’లో లేదు, చివరి క్రియలో ఉంది. ‘జరగనివ్వను’ అనకుండా ‘జరగనిచ్చేవాణ్ణి కాదు’ అన్నందువల్లే అది ఊహ అని తెలుస్తుంది. ‘మనుషులు దేవతలైతే ప్రభుత్వం అవసరం లేదు’ అని మీరు రాసినదాన్ని ‘మనుషులు బాగుపడితే చాలు, ప్రభుత్వాన్ని ఎత్తేయవచ్చు’ అనే ఆశావాదంగా చదివే వీలుంది. మాడిసన్ చెప్పేది దానికి పూర్తిగా ఎదురు: మనుషులు దేవదూతలు కారు, కాబోరు, అందుకే ఈ ఏర్పాట్లన్నీ. ‘అయితే’కు ముందు ఏకారం చేర్చి, చివర ‘ఉండేది కాదు’ అంటే ఆ భావం నిలుస్తుంది:

‘మనుషులు దేవదూతలే అయితే ప్రభుత్వంతో పనే ఉండేది కాదు. మనుషులను పాలించేది దేవదూతలే అయితే ప్రభుత్వం మీద బయటినుంచి గానీ, లోపలినుంచి గానీ అదుపు అక్కర్లేకపోయేది. మనుషులే మనుషులను పాలించే ప్రభుత్వాన్ని కట్టడంలో పెద్ద చిక్కు ఇది: ముందు పాలితులను అదుపు చేసే శక్తి దానికి ఇవ్వాలి, ఆపైన తనను తాను అదుపు చేసుకోక తప్పని స్థితి దానికి కల్పించాలి.’

ఇక్కడ ‘నియంత్రణ’ తప్పు కాదు. కానీ ‘నియంత’ అనే మాటను రోజూ చదివే పాఠకుడికి ‘అదుపు’ సూటిగా తగులుతుంది.

ఈ వాక్యాలకు కాస్త ముందే అనువాదకులు జారిపడే చోటు ఇంకొకటుంది. ప్రభుత్వాన్ని కట్టడి చేయడానికి ఇన్ని ఉపాయాలు కావలసిరావడం మానవ స్వభావం మీద ఒక ‘రిఫ్లెక్షన్’ కావచ్చని, ప్రభుత్వమనేదే అన్నిటికన్నా పెద్ద ‘రిఫ్లెక్షన్’ కదా అని మాడిసన్ అంటాడు. దీన్ని ‘ప్రతిబింబం’ అంటే వాక్యం అందంగా ఉంటుంది, అర్థం చెడుతుంది. ఆనాటి ఇంగ్లీషులో ఒకరి మీద రిఫ్లెక్షన్ అంటే ఆక్షేపణ, వాళ్లకు మాట తెచ్చే సంగతి. ‘మానవ స్వభావానికి ఇదొక మచ్చే కావచ్చు. అసలు ప్రభుత్వమనేదే ఆ స్వభావానికి అన్నిటికన్నా పెద్ద మచ్చ కదా?’ అంటే సరిపోతుంది. ‘నైజం’ మాత్రం వద్దు. ‘వాడి నైజమే అంత’ అన్నట్టు ఆ మాట వాడుకలో చెడువైపు మొగ్గింది. మనిషిలోని నీచత్వం వల్ల కొంత జాగ్రత్త, కొంత అపనమ్మకం అవసరమే అయినా, కొంత గౌరవానికీ నమ్మకానికీ తగిన గుణాలు కూడా మనిషిలో ఉన్నాయని 55వ వ్యాసం చెబుతుంది. రెండు వైపులా తూగే మాట ‘స్వభావం’.

ఇక ‘లిబర్టీ’. స్వ, ఇచ్ఛ కలిసి గుణసంధితో స్వేచ్ఛ అయింది: తన ఇష్టం. స్వ, తంత్రం కలిస్తే స్వతంత్రం: తన మీద తన ఏలుబడే గానీ పరుల పెత్తనం లేకపోవడం. వ్యుత్పత్తి కన్నా నేటి వాడుకే ఇక్కడ ముఖ్యం. ‘స్వాతంత్ర్యం’ అని ఒంటరిగా అంటే తెలుగువాడికి 1947 గుర్తొస్తుంది; అమెరికా విషయంలో 1776. మన రాజ్యాంగ పీఠిక తెలుగు పాఠంలో ‘లిబర్టీ’కి ‘స్వాతంత్ర్యం’ అనే వాడారు కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ఆలోచన, భావప్రకటన, విశ్వాసం అంటూ దేనిలోనో ముందే చెప్పి ఆ మాట వేశారు కాబట్టి ఇబ్బంది లేదు. మాడిసన్ అలా చెప్పడు. న్యాయమే ప్రభుత్వ పరమావధి అంటూ, అది దొరికేదాకానో, ఆ వెతుకులాటలో ‘లిబర్టీ’ పోయేదాకానో మనుషులు దాన్ని వెతుకుతూనే ఉంటారంటాడు. ఇక్కడ ‘స్వాతంత్ర్యం పోయేదాకా’ అని రాసి చూడండి. పరాయి సేన వచ్చి దేశాన్ని ఆక్రమించినట్టు వినిపిస్తుంది. ఆయన భయం అది కాదు. దేశం ఎవరి కిందా లేకపోయినా లోపలి పౌరుడు అణగిపోవచ్చన్నదే ఆయన భయం. కాబట్టి ‘స్వేచ్ఛ’. అది విచ్చలవిడితనంగా ధ్వనిస్తుందని వెనకాడకండి. ఆ అర్థానికి మనకు ‘స్వేచ్ఛాచారం’ వేరే ఉంది.

1787 నవంబరులో వచ్చిన 10వ వ్యాసంలోనూ స్వేచ్ఛే కుదురుతుంది: ‘నిప్పుకు గాలి ఎలాంటిదో ఫ్యాక్షన్‌కు స్వేచ్ఛ అలాంటిది’. నిప్పును పెంచుతుందని గాలినే లేకుండా చేయాలనుకోవడం ఎంత వెర్రో, ఫ్యాక్షన్‌ను పోషిస్తుందని స్వేచ్ఛను తీసేయడమూ అంతే వెర్రి అని ఆయన వాదం. ‘ఫ్యాక్షన్’ను మాత్రం అలాగే ఉంచకండి. తెలుగు పాఠకుడికి అది రాయలసీమ పగలు, బాంబులు. మాడిసన్ ఉద్దేశంలో అది ఒక ఉద్రేకంతోనో ప్రయోజనంతోనో ఒక్కటై, ఇతరుల హక్కులకు గానీ సమాజ హితానికి గానీ అడ్డుపడే జనం. మెజారిటీ కావచ్చు, మైనారిటీ కావచ్చు. ‘ముఠా’ దగ్గరి మాటే గానీ, అందులో కొద్దిమందే ఇముడుతారు. మెజారిటీ కూడా ఫ్యాక్షన్ కాగలదన్నదే ఆయన వాదానికి ప్రాణం గనుక ‘స్వార్థ పక్షం’ అని రాసి, తొలిసారి వాడినచోట ఈ నిర్వచనం ఇవ్వండి.

చివరిది వర్ణక్రమం. ‘స్వతంత్ర’కు భావార్థంలో ‘య’ చేరి, మొదటి అచ్చుకు వృద్ధి వస్తే ‘స్వాతంత్ర్యం’. మధురానికి మాధుర్యం, పండితుడికి పాండిత్యం ఎలాగో ఇదీ అలాగే. ‘స్వాతంత్రం’లో వృద్ధి ఉంది, యకారం లేదు, అది తప్పు. ‘స్వతంత్రం వచ్చింది’ అని జనం అనేది తప్పు కాదు, తెలుగు దాన్ని నామవాచకంగా ఏనాడో సొంతం చేసుకుంది. చనువు తీసుకుని అడగడాన్ని ‘స్వతంత్రించి అడగడం’ అంటున్నాం కూడా. ఇక ‘స్వాతంత్య్రం’ పత్రికల్లో బాగా కనిపిస్తుంది గానీ, పలికే వరుస తకారం, రేఫ, యకారం. కంప్యూటర్‌లో త, పొల్లు, ర, పొల్లు, య అనే వరుసలో కొట్టండి. ర, య తారుమారైతే తెరమీద పెద్దగా తేడా కనబడకపోవచ్చు గానీ, వెతికేటప్పుడు యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. ఒక రూపంతో వెతికితే రెండోది దొరక్కపోవచ్చు.