పండక్కి అప్పు, ఏడాదంతా వడ్డీ

ప్రశ్న: అమ్మా, మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఆయన హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేస్తారు, నేను రెండిళ్లలో వంట చేస్తాను. పోయిన సంక్రాంతికి బట్టలకీ, పిండివంటలకీ, కనుమ భోజనాలకీ కలిపి 20 వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఇప్పటికీ వడ్డీయే కడుతున్నాం. ప్రతి జనవరి ఒకటికీ ఇక నెలకి రెండు వేలు వెనకేద్దాం అనుకుంటాం, ఇంతలో పండగ వచ్చి పడుతుంది. ఈసారి ఊరే వద్దు అన్నానని ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ఏం చెయ్యమంటారు? – ఒక సోదరి

జవాబు: ఊరు వెళ్లండమ్మా. మన వైపు సంక్రాంతి అంటే ముందు పెద్దల పండగ. పోయినవాళ్ల పేరు చెప్పి కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ ఆకులో వడ్డించి దండం పెట్టుకునే రోజున ఇంటి కొడుకు ఊళ్లో లేకపోతే ఆయన మనసుకి ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. వద్దన్నది మీరు డబ్బు గురించే, ఆయనకి వినపడింది మాత్రం అమ్మానాన్నల గురించి.

అయితే పండక్కి అయ్యే ఖర్చు వేరు, నలుగురిలో తక్కువ కాకూడదని పెట్టే ఖర్చు వేరు. పెద్దలకి పెట్టిన బట్టలు తర్వాత ఇంట్లోవాళ్లే కదా కట్టుకునేది! ఆ పంచె మీవారికి, ఆ చీర మీకు, అంతే, వాటి మీద మళ్లీ ఇంకో జత ఎందుకు? పిల్లలకి కొనండి. ఆడపడుచు చీర మాత్రం తగ్గించొద్దు, పుట్టింటి నుంచి ఆమె ఏడాదంతా ఎదురుచూసేది అదొక్కటే. పిండివంటలు షాపులో కొనకుండా ఇంటి దగ్గరే చేయండి. కొత్త బియ్యం రాత్రి నానబోసి, పొద్దున వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, నీళ్లలో చుక్క వేస్తే ఉండ కట్టేదాకా బెల్లం పాకం పట్టి, ఇంట్లో ఉన్న పెద్దావిడ చేత కలిపిస్తే అరిసెలకీ పొంగడాలకీ అదే పిండి సరిపోతుంది. కనుమనాడు అన్నదమ్ములందరూ ఒకే చోట వండుకోండి. మాంసం వాటా ఎంత తీసుకోవాలో ముందే అనుకుంటే ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఇక అప్పు. 20 వేలకి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 600, ఏడాదికి 7,200. పోయిన పండగ మీరు 27 వేలు పెట్టి చేసుకున్నట్టయింది, పైగా అసలు అలాగే ఉంది! ఆ 600కి మీరు ఎలాగూ దాచాలనుకుంటున్న రెండు వేలు కలిపి నెలకి 2,600 చొప్పున ఈ జనవరి నుంచే కడితే తొమ్మిదో నెలకల్లా, అంటే దసరా రాకముందే, మొత్తం తీరిపోతుంది. అసలు తగ్గినకొద్దీ వడ్డీ తగ్గాలని ముందే నలుగురి ముందు మాట్లాడుకోండి, కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక జమ రాయించుకోండి. నోటి మాట మీద వదిలేయొద్దు, ఇది మరీ మరీ చెబుతున్నాను. అప్పు తీరాక అదే 2,600 మూడు నెలలు పక్కన పెడితే వచ్చే సంక్రాంతికి చేతిలో 7,800 ఉంటాయి. రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి నవంబర్ రెండో వారం నుంచే రానూపోనూ టికెట్ల మీద కన్నేసి ఉంచండి, పండగ ముందు ప్రైవేటు బస్సుల వాళ్లు అడిగే రేటు మీలాంటివాళ్లు మోయలేరు.

ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి ఈ రాత్రే మీవారికి చూపించండి. "ఊరు వెళ్దాం" అన్న మాట మాత్రం ముందు చెప్పండి.

ప్రశ్న: మా వీధిలో కుర్రాళ్లు భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. పాతవి తగలబెట్టడమే భోగి అంటున్నారు. – విజయనగరం

జవాబు: విరిగిన మంచం కోళ్లు, పుచ్చిన తలుపు చెక్కలు, ధనుర్మాసంలో పెట్టిన గొబ్బెమ్మలు ఎండబెట్టి గుచ్చిన పిడకల దండ, ఇవీ భోగి మంటలో వేసేవి. టైరు పొగ చంటిపిల్లలకీ ఉబ్బసం ఉన్న ముసలివాళ్లకీ విషమే. కుర్రాళ్లని తిట్టకండి, పది రోజుల ముందే దుంగలు తెచ్చే పని వాళ్లకే అప్పగించండి. మంట బాగా లేస్తే టైరు ఊసు ఎత్తరు.

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది. జనవరి ఒకటిన నాలుగింటికి లేచి చదవాలనుకున్నాను, ఐదో తేదీకే ఆగిపోయింది. ఉగాది నుంచి మొదలుపెట్టమంటారా? – బొబ్బిలి

జవాబు: ఈ 2026లో ఉగాది మార్చి 19న, అప్పటికి పరీక్షలు నెత్తిమీదకి వచ్చేస్తాయి బాబూ, అంతవరకూ ఆగొద్దు. నాలుగింటికి కాదు, ఐదున్నరకి రేపే లేవండి. 14, 15, 16 తేదీలు పండగ, ఆ మూడు రోజులూ సెలవని ఇప్పుడే రాసి పెట్టుకోండి, అప్పుడు ఆగిపోయానన్న బెంగ ఉండదు. 17 నుంచి మళ్లీ పుస్తకం పట్టండి. 25న రథసప్తమి, వీలైతే అరసవల్లి వెళ్లి దర్శనం చేసుకోండి, కాకపోతే ఆ రోజు అక్కడ క్యూ చాలా పొడుగు, బ్యాగులో నోట్స్ పెట్టుకుని వెళ్లండి.