బట్టల రంగుకూ మందులకూ ఏమిటి సంబంధం?

సంబంధం లేనట్టుండే చారిత్రక విషయాలు గొలుసులా కలిసే ఉదాహరణ అడిగారు. నాకు బాగా ఇష్టమైనది చెబుతాను.

1856లో లండన్‌లో 18 ఏళ్ల రసాయనశాస్త్ర విద్యార్థి విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్‌ను ఇంట్లోనే తయారు చేయబోయాడు. మిగిలింది నల్లటి మడ్డి. పారబోయకుండా ఆల్కహాల్‌లో కరిగిస్తే చక్కటి ఊదా రంగు తేలింది. పట్టు బట్టకు పట్టింది, ఉతికినా పోలేదు! అక్కడి నుంచే కృత్రిమ రంగుల పరిశ్రమ పుట్టి, జర్మనీలో బాగా విస్తరించింది.

అసలు విశేషం ఆ తర్వాతిదే. రంగులు కొన్ని కణాలనే ఎంచుకుని పట్టుకోవడం జర్మన్ వైద్య శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ గమనించాడు. అలాగే రోగక్రిమిని మాత్రమే పట్టుకునే మందు ఎందుకు ఉండకూడదు అనుకున్నాడు. 1891లో మిథిలీన్ బ్లూ అనే రంగునే ఇద్దరు మలేరియా రోగులకు ఇచ్చాడు, కోలుకున్నారు. 1930లలో మరో జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ డోమాక్ పరీక్షించిన ప్రోంటోసిల్ అనే ఎర్ర రంగు, బాక్టీరియా జబ్బులకు వాడే సల్ఫా మందుల్లో మొదటిది అయింది.