శాన్ ఫ్రాన్సిస్కో పదహారు గంటల దూరమా?

సందేహం: మా అబ్బాయి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. ఎంత దూరమని ఎవరైనా అడిగితే "ఢిల్లీలో విమానం ఎక్కితే పదహారు గంటలు" అంటాను. "దూరమంటే కిలోమీటర్లు కదా నానమ్మా, గంటలేమిటి?" అంటుంది మనవరాలు. నేను తప్పు మాట్లాడుతున్నానా? ఇంకొకటి, "పదహారు గంటలు పడుతుంది" అనాలా, "పడతాయి" అనాలా?

సమాధానం: మీ మాటలో తప్పు లేదమ్మా. దూరాన్ని కాలంతో చెప్పడం తెలుగువాళ్లకు విమానాలొచ్చాక అబ్బిన అలవాటు కాదు. "పూట ప్రయాణం", "రెండు రోజుల నడక" అన్నీ దూరాలే. పక్క ఊరు ఎంత దూరమని అడిగితే మా తాతగారు "ఒక చుట్ట కాలేంత" అనేవారు. ఆయన చుట్ట వెలిగించి చెరువుగట్టు మీద నడుస్తుంటే నేను వెనకాల పరుగెత్తేవాణ్ణి. ఆ ఊరి రావిచెట్టు కిందికి చేరేసరికి, నిజంగానే, పీక పారేసేవారు.

"కూతవేటు" కూడా అంతే, కేకేస్తే వినపడేంత మేర. క్రోసుదీ అదే పుట్టుక. సంస్కృతంలో క్రోశం అంటే అరుపు. అరుపు వినిపించే మేరే దూరానికి కొలత అయింది, తర్వాత సుమారు రెండు మైళ్ల దగ్గర స్థిరపడింది. అలాంటి నాలుగు క్రోసులు ఒక ఆమడ. మనిషి గొంతూ నడకా కొలబద్దలైన భాష మనది.

మీ అబ్బాయి ఊరి విషయంలో అయితే కిలోమీటర్లకన్నా గంటలే అసలు సంగతి చెబుతాయి. ఎయిరిండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని మొదట్లో అట్లాంటిక్ వైపు నుంచి నడిపేది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా నడిపింది. ఈ దారి సుమారు 15,300 కిలోమీటర్లు, పాతదానికన్నా దాదాపు 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే దిగింది! పైన పడమటి నుంచి తూర్పుకు బలంగా గాలి వీస్తుంటుంది. అట్లాంటిక్ దారిలో అది ఎదురుగాలి, పసిఫిక్ దారిలో వెనకనుంచి తోసే గాలి. దూరం పెరిగింది, ప్రయాణం తగ్గింది.

అందుకే మీ మనవరాలి మాటనూ కొట్టిపారేయలేను. మాట్లాడేటప్పుడు "పదహారు గంటల దూరం" హాయిగా అనండి. రెండు లెక్కలూ ఒకేచోట రాయాల్సి వస్తే మాత్రం "ఇన్ని కిలోమీటర్ల దూరం, ఇన్ని గంటల ప్రయాణం" అని విడదీయాలి.

ఇక "పడుతుంది" సంగతి. గంటలు బహువచనం కాబట్టి "పడతాయి" అనాలని కొందరు పట్టుబడతారు. అదీ తప్పు కాదు. కానీ జనం నోట ఎక్కువగా వినిపించేది "పడుతుంది". బస్టాండు దగ్గర ఆటో అతన్ని అడిగి చూడండి: "మూడు కిలోమీటర్లు ఉంటుందండీ, పది నిమిషాలు పడుతుంది" అంటాడు. ఇక్కడ మూడు కిలోమీటర్లు ఒకే దూరం, పది నిమిషాలు ఒకే వ్యవధి. మొత్తాన్ని ఒక ముద్దగా చూస్తున్నాం కాబట్టి క్రియ ఏకవచనంలో ఉంది. అదే గంటలు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నట్టు తోస్తే బహువచనమే వస్తుంది. కొడుకు విమానమెక్కాడని తెలిసి ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్న తల్లి "ఎనిమిది గంటలు గడిచాయి, ఇంకా ఎనిమిది ఉన్నాయి" అనే అంటుంది. "గడిచింది" అనదు.