సీరియల్ చూసే మామ్మను రాయాలంటే

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య దీవెనలు.

నువ్వు పంపిన కథ శ్రద్ధగా చదివాను. మేడ మీద అద్దెకున్న కుర్రాడూ, నీళ్ళ ట్యాంకు దగ్గర గొడవా, కోడలు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళడమూ బాగా కుదిరాయి. కుదరనిది మామ్మగారే. ఆవిడ టీవీ ముందు కూర్చుంటే స్టవ్ మీద పప్పు మాడిపోతుంది. కరెంటు పోతే కేకలు పెడుతుంది. విలన్ చెంపదెబ్బ కొడితే ఏడుస్తుంది. ఆవిడ కనపడిన ప్రతిసారీ మనం నవ్వాలని నువ్వు అనుకున్నావు. ఆ నవ్వు ఇదివరకు చాలామంది నవ్వించేశారమ్మా. నువ్వు మామ్మగారిని చూడలేదు, మామ్మగారి మీద ఉన్న జోకుల్ని చూశావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక్క మాట పట్టుకో. రోజూ సీరియల్ చూసే మనిషి చూడటంలో ఆరితేరిన మనిషి. మొహం చూసి అబద్ధం పట్టేస్తుంది. ఎవరు ఎవరితో ఎందుకు మాటలు మానేశారో ఏళ్ళ తరబడి గుర్తుంచుకుంటుంది. పెళ్ళిలో అత్తగారు ఇచ్చిన గాజులు ఇప్పుడు ఎవరి చేతికున్నాయో చెప్పగలదు. ఆ నేర్పు నీ కథలో ఒక్కసారైనా అక్కరకు రావాలి.

అమెరికా వాళ్ళ 'హౌస్' అనే ధారావాహికలో ఒక డాక్టరు ఉంటాడు. మొండివాడు, తెలివైనవాడు. వైద్యుల సీరియల్ ఒకటి వదలకుండా చూస్తాడు. 2008లో వచ్చిన ఒక భాగంలో ఆ సీరియల్ హీరోలో ఏదో తేడా కనిపెట్టి, ఇతనికి జబ్బు ఉందని తేల్చుకుని, ఆ నటుణ్ణి ఏకంగా ఎత్తుకొచ్చి ఆస్పత్రిలో చేరుస్తాడు. అందరూ పిచ్చి అంటారు, కానీ నటుడికి నిజంగానే జబ్బు ఉంటుంది. రాసినవాళ్ళు ఎంత బాగా ఆలోచించారో చూడు. రోగిని చూసే కన్నూ, సీరియల్ చూసే కన్నూ ఆయనకు ఒకటే. ఆ వ్యసనాన్ని తీసేస్తే అక్కడ కథే లేదు. మీ మామ్మగారి వ్యసనాన్ని తీసేసి చూడు, ఒక మాడిన గిన్నె తప్ప ఏమీ పోదు.

సీరియల్‌కీ జీవితానికీ తేడా తెలియని మనిషిగా ఆవిణ్ణి రాయకు. తెలిసే చూస్తారు. "ఆ పాపిష్టిది మళ్ళీ వచ్చింది చూడు" అన్న నోటితోనే, "వారం నుంచి సాగదీస్తున్నాడు, ఈ డైరెక్టరు మారాడేమో" అంటారు. ఒక నిమిషం మనిషి మీద కోపం, మరు నిమిషం రాసినవాడి మీద కోపం. ఈ రెండూ పక్కపక్కనే పెట్టగలిగితే మామ్మగారు లేచి కూర్చుంటారు. నీ కథలో ఆవిడ మొదటిది మాత్రమే మాట్లాడుతోంది.

నిజంగానే తేడా మరిచిపోయిన పాత్ర కావాలంటే, దానికి తగినంత బరువైన కారణం చూపించాలి. 2000లో వచ్చిన 'నర్స్ బెట్టీ' సినిమా వీలైతే చూడు. కాన్సస్‌లో హోటల్లో వడ్డించే అమ్మాయి. పక్క గదిలో తన సీరియల్ టేపు చూసుకుంటుండగా మొగుణ్ణి చంపేస్తారు, తలుపు సందులోంచి అదంతా ఆమె కంటపడుతుంది. ఆ క్షణం నుంచి సీరియల్లోని డాక్టరు తనకు ఒకప్పుడు కాబోయిన భర్త అని మనసు నమ్మేస్తుంది, కారెక్కి లాస్ ఏంజలస్ వెళ్ళిపోతుంది. ఆ నటుడు ఎదురుపడితే పాత్ర పేరుతోనే పిలుస్తుంది. ఈమె వేషం కోసం వచ్చిన నటి, ఎంత గట్టిగా నటిస్తోందో అని అతను ముచ్చటపడతాడు. మనకు నవ్వు వస్తుంది, వెంటనే గొంతు పట్టేస్తుంది. ఎందుకంటే ఆ భ్రమ తొలగిందా, ఆమెకు మిగిలేది ఆ గదీ, ఆ నెత్తురూ. నీ మామ్మగారికి అంత గాయం నువ్వు పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ లేదు. కాబట్టి ఆవిణ్ణి తెలివిలోనే ఉంచు.

ఇక వేళ సంగతి. నువ్వు రాత్రి ఎనిమిదింటికి పెట్టావు. రాత్రి సీరియల్ ఇంటిల్లిపాదిదీ. అక్కడ రిమోట్ కోసం పోట్లాట ఉంటుంది, మగవాళ్ళ భోజనాలు ఉంటాయి. మధ్యాహ్నానికి మార్చు. భోజనాలయి, గిన్నెలు సర్దేసి, పిల్లలు బడి నుంచి రాకముందు ఉండే ఆ రెండు గంటలూ చాలామంది ఆడవాళ్ళకు రోజు మొత్తంలో తమదంటూ ఉన్న సమయం. అమెరికాలో ఈ పగటి సీరియళ్ళు 1930ల్లో రేడియోలో మొదలైనప్పుడే ఆ వేళను పట్టుకున్నాయి. ఇంట్లో ఒంటరిగా పని చేసుకునే ఇల్లాలికి ఒక గొంతు తోడు. సబ్బుల కంపెనీలు ఖర్చు పెట్టుకున్నాయి, అది వాళ్ళ వ్యాపారం. విన్నవాళ్ళకు మాత్రం అది తోడే.

ఆ తోడు ఎంత గట్టిదో చెప్పే సంగతి ఒకటుంది. 1963 నవంబరు 22 మధ్యాహ్నం 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' సీరియల్ ప్రత్యక్షంగా ప్రసారమవుతోంది. ఒక తల్లి ఇంట్లో పెద్దాయనతో, కొడుకు విడిపోయిన భార్యను పండుగ భోజనానికి పిలిచాడని చెబుతోంది. మధ్యలో బొమ్మ ఆగిపోయి, టీవీలో వార్తలు చెప్పే వాల్టర్ క్రాంకైట్ గొంతు వినిపించింది, డాలస్‌లో కెనడీ మీద కాల్పులు జరిగాయని. స్టూడియోలో ఉన్న నటులకు ఆ సంగతి తెలియదు, వాళ్ళు మాటలు చెప్పుకుంటూనే ఉన్నారు. దేశాధ్యక్షుడి మీద కాల్పుల వార్త ఎందరో ఇల్లాళ్ళకు ఆ పండుగ భోజనం కబుర్ల మధ్యలో చేరింది. కథ రాసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? పెద్ద వార్త చిన్న కథను తోసేసి వచ్చినప్పుడు చూసేవాళ్ళు ఏ మొహం పెడతారో ఊహించు.

మన దగ్గరా అలాంటిది జరిగింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగిపోయి ఛానెళ్ళు పాత భాగాలే మళ్ళీ వేశాయి. మామ్మగారి సీరియల్ ఒక మలుపు మీద ఆగిపోయింది అనుకో. ఇల్లంతా మనుషులే, బయటికి పోయేవాళ్ళు లేరు, ఆవిడ మధ్యాహ్నం ఆవిడకు లేదు. పైగా రాబోయే భాగమూ లేదు. ఆ రోజుల్లో ఆవిడ కోడలితో ఏం మాట్లాడుతుంది? నన్నడిగితే నీ కథ అక్కడే ఉంది.

చేతులకు పని ఇవ్వు. టీవీ చూస్తూ ఎవరూ ఖాళీగా కూర్చోరు. వత్తులు చేస్తారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు, పూలు కడతారు. విలన్ మాట్లాడుతున్నప్పుడు దారం ముడి బిగుసుకుంటుంది. ఏడ్చిందని రాయక్కర్లేదు, ముడి చూపిస్తే చాలు. పనిచేసే అమ్మాయి గుమ్మంలో కూర్చుని చూస్తుంది. తాతగారు పేపరు అడ్డం పెట్టుకుని అంతా వింటారు. ఈయన సంగతి తప్పకుండా రాయి, మగవాళ్ళు చూడరనే మాట నిజం కాదు. 1981లో 'జనరల్ హాస్పిటల్' సీరియల్లో ల్యూక్, లారాల పెళ్ళి సుమారు 3 కోట్లమంది చూశారు, అదీ పని రోజుల్లో పట్టపగలు.

ఆవిడ చూసే సీరియల్‌ను నువ్వే కల్పించుకో. ఉన్న సీరియల్ పేరు పెడితే అది చూడని పాఠకులు బయటే నిలబడిపోతారు. పేరు, పాటలో ఒక పాదం, నలుగురు మనుషులు, ఒక వారం కథ. శనివారం ఎక్కడ ఆగుతుందో, సోమవారం ఎంత తక్కువ ముందుకు కదులుతుందో కూడా రాసుకో. అందులో పదో వంతే కథలోకి వస్తుంది, కానీ ఆవిడ మాటకు నేల దొరుకుతుంది.

అయితే లోపలి కథను బయటి కథకు అద్దంలా పెట్టకు. నీ కథలో సీరియల్ కోడలు తలుపు వేసుకున్న రోజే ఇంట్లో కోడలూ తలుపు వేసుకుంది. అది తీసెయ్. 1990లో వచ్చిన 'ట్విన్ పీక్స్' అనే అమెరికా ధారావాహికలో ఊళ్ళో వాళ్ళు 'ఇన్విటేషన్ టు లవ్' అనే కల్పిత సీరియల్ చూస్తుంటారు. అందులో ఒకే నటి రెండు వేషాలు వేస్తుంది, బయటి కథలోనూ చనిపోయిన అమ్మాయినీ ఆమె పోలికలున్న చుట్టాన్నీ ఒక్క నటే వేసింది. ఆ పోలికను ఎవరూ వేలెత్తి చూపించరు. నాకు అంతకన్నా ఇష్టమైన ఘట్టం మరొకటి. పోలీసు అధికారి లోపలికి వచ్చి ఏం జరుగుతోందని ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయిని అడుగుతాడు. ఆయన అడిగింది హత్య కేసు గురించి. ఆమె గబగబా సీరియల్ కథంతా చెప్పేస్తుంది. ఆ ఒక్క జవాబులో ఆమె మనసు ఎక్కడుందో తెలిసిపోయింది, రచయిత వివరణ ఒక్క ముక్క లేదు. అలాంటి జవాబు ఒకటి మామ్మగారి చేత చెప్పించు.

ముగింపులో ఆవిడ టీవీ కట్టేసి మనవణ్ణి దగ్గరకు తీసుకోవడం నాకు కష్టంగా అనిపించింది. ఆవిడ ఏం నేరం చేసిందని బాగుపడాలి? 'గైడింగ్ లైట్' అనే సీరియల్ 1937లో రేడియోలో పుట్టి, 1952లో టీవీకి వచ్చి, 2009లో ఆగిపోయింది. తల్లి పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టి, తానే ముసలిదై చూసినవాళ్ళు ఉండే ఉంటారు. ఆగిపోయిన రోజు వాళ్ళు పోగొట్టుకున్నదాన్ని వ్యసనం అని ఒక్క మాటతో తేల్చేయకు. నీ మామ్మగారిని చూస్తూ ఉండనివ్వు. మారాల్సింది ఎవరైనా ఉంటే ఆ పక్కన వచ్చి కూర్చునే కోడలు.

ఈ వారం ఒక పని చెయ్. మీ వీధిలో సీరియల్ చూసే పెద్దావిడ దగ్గర అడిగి కూర్చో. తెర చూడకు, ఆవిణ్ణి చూడు. ముఖ్యంగా ప్రకటనలు వచ్చినప్పుడు చెవులు రిక్కించు. ఇంటి బాధలు, కొడుకు ఉద్యోగం, మోకాలి నొప్పి అన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే బయటికొస్తాయి, సీరియల్ మళ్ళీ మొదలవగానే మాట సగంలో ఆగిపోతుంది. ఆ సగం మాటలు రాసుకో. ఆ తర్వాత మామ్మగారు కనపడే ఘట్టాలు మాత్రం తిరగరాసి పంపు, మిగతా కథ ముట్టుకోకు. నీళ్ళ ట్యాంకు గొడవ ఒక్క అక్షరం కూడా మార్చొద్దు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

అత్తయ్య